వైద్య విద్యలో ‘ప్రతిభ’ వాదం

వైద్య కళాశాలల ప్రవేశాల మాట యెత్తినప్పుడల్లా మన మేధావుల్లో వొక వర్గం వారు వొకే మంత్రం జపిస్తుంటారు: ‘ప్రతిభకు పట్టం కట్టాలి’. పైకి ఆ మాట నిర్దోషంగానే కనిపిస్తుంది. చేతగానివాడు కత్తి పట్టుకుంటే రోగి గతి యేమిటని అడిగితే కాదనేవాడెవడు? కాని మాట నిర్దోషమైనంత మాత్రాన దాన్ని ప్రయోగించేవాళ్ళ ఉద్దేశం నిర్దోషమని నమ్మనక్కరలేదు. యే మాటను యెవరు, యెప్పుడు, యెవరి మీద ప్రయోగిస్తున్నారో చూడటం సాహిత్య విమర్శ నేర్పే మొదటి పాఠం. నేను తెలుగు పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి; వైద్యం నా శాస్త్రం కాదు. అయినా ఈ వివాదంలో తల దూరుస్తున్నానంటే, ఇదంతా వొక తెలుగు మాట చుట్టూ తిరుగుతున్నది కాబట్టి.

‘మెరిట్’ అనే ఇంగ్లీషు మాటను మన పత్రికలు ప్రతిభ అని తెలుగు చేశాయి. చేసి చాలా పెద్ద ఉపకారమే చేశాయి — డబ్బున్నవాళ్ళకు. యెందుకంటే ప్రతిభ అనగానే అది పుట్టుకతో వచ్చే దైవదత్తమైన వస్తువు అనే భావం మనలో నాటుకుని వున్నది. వొకడికి ర్యాంకు వచ్చిందంటే వాడిలో యేదో వుండబట్టి వచ్చిందనీ, రానివాడికి ఆ ‘యేదో’ లేదనీ మనం మాట్లాడకుండానే వొప్పేసుకుంటాం. మన ఆలంకారికులు మాత్రం ఇంత అమాయకులు కారు. దండి కావ్యాదర్శంలో ప్రతిభను వొంటరిగా నిలబెట్టలేదు. దాని పక్కన నిర్మలమైన విస్తారమైన చదువునూ, విడవని పూనికనూ కూచోబెట్టాడు. అంతటితో ఆగలేదు, సహజ ప్రతిభ లేకపోయినా చదువుతో, యత్నంతో కొలిచినవాణ్ణి వాగ్దేవి యెంతో కొంత అనుగ్రహించే తీరుతుందన్నాడు. మమ్మటుడు ఇంకా గట్టివాడు. శక్తి, నిపుణత, అభ్యాసం అనే మూడూ కలిసి కావ్యానికి వొకే హేతువు అవుతాయి గాని విడివిడిగా మూడు హేతువులు కావన్నాడు. అందులో నిపుణత లోకాన్నీ శాస్త్రాల్నీ చూడటం వల్ల వస్తుందట. అభ్యాసం తెలిసినవాళ్ళ శిక్షణ వల్ల వస్తుందట. అంటే పుస్తకం కావాలి, గురువు కావాలి, కూచుని చదువుకునే తీరిక కావాలి. కాశ్మీర పండితుడికి తెలిసిన ఈ చిన్న సత్యం మన వార్తాపత్రికల సంపాదకీయ రచయితలకు తెలియకపోవడం విచిత్రం కాదూ!

2020 జనవరిలో మా నెల్లూరు జిల్లా వెంకటాచలంలో ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రాన్ని ప్రారంభించారు. మైసూరు నుంచి ఆ కేంద్రం తెలుగు గడ్డ మీదకు వచ్చిందని మా వంటివాళ్ళం సంతోషించాం. అక్కడి గ్రంథాలలో ప్రతిభకు యేం నిర్వచనం వున్నదో చూడాలంటే పుస్తకం తెరవాలి. కాని మన కాలపు నిర్వచనం చూడటానికి అంత శ్రమ అక్కరలేదు. చెన్నై పోయే రహదారి మీద వెంకటాచలం టోలుగేటు దగ్గర నిలబడితే చాలు. దారి పొడుగునా ర్యాంకుల బోర్డులు, వాటి మీద పసిమొహాలు, పక్కనే అంకెలు. నెల్లూరు వూళ్ళో చిన్న ట్యూషను గదుల్లో మొదలైన వ్యాపారం ఇవాళ రాష్ట్రాల హద్దులు దాటి పోయింది. ఆ వ్యాపారం అమ్మేది ప్రతిభను కాదు; మమ్మటుడు చెప్పిన మూడింట్లో మూడోదాన్ని, అభ్యాసాన్ని. 2025లో నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. ప్రశ్నకు నిమిషం. సరైన జవాబుకు నాలుగు మార్కులు, తప్పు రాస్తే వొకటి కోత. ఇందులో ఆలోచనకు చోటు యెక్కడ? చూసిన ప్రశ్నను మళ్ళీ చూసినవాడు గెలుస్తాడు. యెక్కువసార్లు చూసినవాడు యెక్కువగా గెలుస్తాడు. ఇంటరు అయిపోయాక వొక యేడాది, అవసరమైతే రెండేళ్ళు, హాస్టలు ఫీజూ కోచింగు ఫీజూ కట్టి ‘లాంగ్ టర్మ్’ చదివించగల తండ్రి వున్నవాడు యెక్కువసార్లు చూస్తాడు. అంచేత ఈ పరీక్ష కొలిచేది కొడుకు బుర్రనా, తండ్రి ఓపికనా అనే ప్రశ్న వేసుకోవాలి.

ఇక్కడ న్యాయంగా వొక మాట వొప్పుకోవాలి. ప్రవేశ పరీక్షలు రాకముందు స్వర్గమేమీ లేదు. సిఫారసులూ, కాపిటేషన్ ఫీజులూ రాజ్యమేలిన రోజులుండేవి. వాటికి వొక అడ్డుకట్టగా పరీక్ష వచ్చింది. పోనీ పరీక్ష యెత్తేసి ఇంటరు మార్కులు చూస్తే సరిపోతుందా అంటే, ఆ మార్కుల కార్ఖానా కూడా అదే యజమానుల చేతుల్లో వున్నది. నా తగాదా పరీక్ష అనే పనిముట్టుతో కాదు. పరీక్ష పేరు చెప్పి, ప్రతిభ పేరు చెప్పి, లోపల జరుగుతున్న అమ్మకాన్ని కప్పిపుచ్చడంతో.

ఆ అమ్మకం యెట్లా జరుగుతుందో చూద్దాం. 2025 నీట్‌కు 22 లక్షల మందికి పైగా హాజరయ్యారు. వారిలో 12 లక్షల 36 వేల మంది ‘అర్హులు’. దేశం మొత్తం మీద ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు లక్షా ఇరవై వేలు. సీటుకు పదిమంది అర్హులన్నమాట. జనరల్ వర్గానికి అర్హత మార్కు 720కి 144. అంటే నూటికి ఇరవై. మా కళాశాలలో నూటికి ఇరవై మార్కులు తెచ్చుకున్నవాణ్ణి తెలుగు పేపరులో కూడా మేము తప్పిస్తాం! అరకొర సీట్లున్న చోట గీతను ఇంత కిందికి గీయడం దేనికి? పదిమందికి వొక రొట్టె వుంటే ‘ఆకలిగా వున్నవాళ్ళందరూ అర్హులే’ అని ప్రకటించడంలో దయ యేమీ లేదు. మార్కుల వరసలో సీట్లు నింపుకుంటూ పోతే ఆ వరస యేనాడూ 144 దాకా దిగదు. దిగేది యెక్కడంటే, వరసలో ముందున్నవాళ్ళు ఫీజు కట్టలేక పక్కకు తప్పుకున్న చోట. గీతను కింద గీసింది ఆ చోటు కోసమే. కోట్లున్నవాడి కొడుకు 160 మార్కులు తెచ్చుకుని ‘అర్హుడు’ అవుతాడు. అప్పటినుంచి అతణ్ణి సీటు కొన్నాడని యెవరూ అనరాదు, నీట్‌లో అర్హత సాధించాడు గదా! ప్రతిభ ఇక్కడ ముద్ర మాత్రమే. నూనె డబ్బా మీద అగ్‌మార్కు లాంటిది.

నా మాట అతిశయోక్తి అనుకునేవారు 2023 సెప్టెంబరును గుర్తు చేసుకోవాలి. పీజీ వైద్య సీట్లు మిగిలిపోతున్నాయని అర్హతా పర్సంటైలును కేంద్రం సున్నాకు దించింది. సున్నా! పరీక్ష రాసిన ప్రతివాడూ అర్హుడే. రిజర్వేషను ఇస్తే ప్రమాణాలు కూలిపోతాయని ముప్ఫై యేళ్ళుగా గుండెలు బాదుకునే పెద్దలు ఆ రోజున యే వూరు వెళ్ళారో తెలియదు.

మన రాష్ట్రంలో ప్రయివేటు వైద్య కళాశాలలో సీట్లు మూడు రకాలు. సగం ‘ఎ’ కేటగిరీ, నూటికి 35 ‘బి’, నూటికి 15 ‘సి’. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఖరారు చేసిన లెక్క ప్రకారం యేడాదికి ఎ సీటుకు 15 వేలు, బి సీటుకు 12 లక్షలు, సి సీటుకు 36 లక్షలు. వొకే గది, వొకే బల్ల, వొకే శవం మీద వొకే కోత. ఫీజు మాత్రం వొకరికి మరొకరికంటే 80 రెట్లు, ఇంకొకరికి 240 రెట్లు. నాలుగున్నరేళ్ళ చదువుకు బి సీటు వెల 54 లక్షలు. తిండీ బట్టా పుస్తకాలూ వేరే. ‘సి’ని ప్రవాస భారతీయుల కోటా అంటారు. 2005లో ఇనాందార్ కేసులో నూటికి 15 దాటకుండా, నిజమైన ప్రవాసుల పిల్లలకు మాత్రమే ఇమ్మని సుప్రీంకోర్టు చెప్పింది. నిజమైన ప్రవాసులు యెందరో గాని, మేనమామలూ మేనత్తలూ మాత్రం ప్రతి జిల్లాలో పుట్టుకొచ్చారు. 2024లో పంజాబు ప్రభుత్వం దూరపు బంధువుల్ని కూడా ఈ కోటాలో చేర్చబోతే అది మోసమని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

నా దగ్గరకు జూన్, జూలై నెలల్లో వెంకటాచలం చుట్టుపక్కల పల్లెల నుంచి తల్లిదండ్రులు వస్తారు. పంతులు గదా, యేమైనా తెలుస్తుందని ఆశ. క్రితం యేడు వొక తండ్రి వచ్చాడు. రొయ్యల గుంటల మీద కాపలా పని. కూతురు సర్కారు బళ్ళో పది, సర్కారు జూనియర్ కాలేజీలో బైపీసీ చదివి, కోచింగు లేకుండా నాలుగు వందలకు కొద్దిగా తక్కువ తెచ్చుకున్నది. బి.సి. పిల్ల. ‘ఈ మార్కులకి సీటు వస్తాదా సార్?’ అని అడిగాడు. అంతకు ముందటి యేటి చివరి ర్యాంకులు ముందు పెట్టుకుని ఇద్దరం చాలాసేపు చూశాం. ‘ఎ’లో వచ్చేటట్టు లేదు. బి సంగతి చెప్పబోతే ఆయనే నవ్వి, ‘అది మనది కాదులే సార్’ అన్నాడు. కాసేపాగి, తను కాపలా వుండే గుంటల యజమాని బంధువుల కుర్రాడికి రెండేళ్ళు కోచింగు తీసుకున్నా రెండొందలు కూడా దాటలేదనీ, అయినా పోయినేడే డాక్టరు చదువులో చేరాడనీ చెప్పి, ‘ఆయనకెట్టొచ్చింది సార్?’ అన్నాడు. అందులో యెత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. దానికి తెలుగు ఎం.ఏ. చదువులో సమాధానం లేదు. ఆ పిల్ల ఇప్పుడు బి.యస్సీలో చేరింది.

ఈ తతంగానికి ‘కౌన్సెలింగ్’ అని పేరు. నిఘంటువులో చూస్తే సలహా చెప్పడమని అర్థం వుంటుంది. సలహా చెప్పేవాడు మాత్రం యెక్కడా లేడు. కంప్యూటరు తెర వొకటి వున్నది. దేశం కోటా 15 శాతానికి ఢిల్లీలోని కమిటీ దగ్గర వొక దరఖాస్తు. మిగిలిన దానికి విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం దగ్గర మరొకటి. యాజమాన్య కోటాకు ఇంకొకటి. 371-డి అధికరణం పేరు చెప్పి అఖిల భారత కోటాకు దూరంగా వున్న మన రాష్ట్రం 2018లో అందులో చేరింది. అప్పటినుంచి పిల్లవాడు రెండు వరసల్లో వొకేసారి నిలబడాలి. యే విడతలో వచ్చిన సీటు వొదులుకోవచ్చు, యే విడతలో వొదిలితే ధరావతు పోతుంది, యెప్పుడు చేరితే రెండో వరసలోంచి పేరు కొట్టేస్తారు — ఈ నిబంధనలన్నీ ఇంగ్లీషులో. కూలికి పోయే తండ్రి నెట్‌సెంటరులో కూచుని యెవరో చెప్పిన ఆప్షన్లు పెట్టి వస్తాడు. టౌనులో వున్నవాడికి ఆప్షన్ల జాబితా రాసిపెట్టే ‘కన్సల్టెంటు’ వుంటాడు, ఫీజు తీసుకుని. డీమ్డ్ విశ్వవిద్యాలయాల వరసలో నిలబడటానికే రెండు లక్షల ధరావతు చూపాలి. సీటు రావడం పోవడం తర్వాతి మాట. అడగడానికి కూడా వెల వున్నది.

ఈ ఆప్షన్ల చాటున రిజర్వేషనుకు యెట్లా గండి పడుతుందో పాఠకులు గమనించాలి. వొక బి.సి. విద్యార్థిని మార్కులతోనే ఓపెన్ వరసలో సీటు తెచ్చుకున్నది. రిజర్వుడు కోటాలో అంతకంటే మంచి కళాశాల దొరుకుతుంటే అక్కడికి మారింది. ఆమె ఖాళీ చేసిన ఓపెన్ సీటు యెవరిది? అది ఆ వర్గానికే దక్కాలని 2001 నాటి జీవో 550 చెప్పింది. దక్కకపోతే, ఆమె తెలివికి శిక్షగా తన వర్గంలోనే మరొక పిల్లకు సీటు పోయినట్టు. సాదా లెక్కే ఇది. కాని ఈ వొక్క నిబంధన మీద యేళ్ళ తరబడి కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. యెవరు నడిపారో, ‘ప్రతిభ’ పేరుతోనే యెట్లా నడిపారో చెప్పనక్కరలేదు.

ఈ కథ కొత్తది కాదు. మన నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో వున్న 1951లో చంపకం దొరైరాజన్ కేసు వచ్చింది. అప్పటికి రాష్ట్రంలో నాలుగు ప్రభుత్వ వైద్య కళాశాలలు, 330 సీట్లు. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ క్రైస్తవులకూ 1, ముస్లిములకు 1 అని వొక జీవో వుండేది. దాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆమె వైద్య కళాశాలకు దరఖాస్తే పెట్టలేదన్న విషయం తీర్పులోనే వున్నది! అయినా కేసు చెల్లింది. ఆ తీర్పుకు జవాబుగానే రాజ్యాంగానికి మొదటి సవరణ వచ్చి 15(4) పుట్టింది. అంటే స్వతంత్ర భారతదేశంలో ‘ప్రతిభ’ మొదటి పెద్ద యుద్ధం చేసింది వైద్య కళాశాల గుమ్మంలోనే, శూద్రుల మీదా దళితుల మీదా. డబ్బు మీద యుద్ధం చెయ్యడానికి ఆ ప్రతిభకు యేనాడూ అంత తీరిక దొరకలేదు.

డబ్బు సంగతి కూడా మన జిల్లా కథే. 1983లో కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసిన శాసనసభ, 1992లో అదే చట్టానికి 3-ఎ సెక్షను అతికించి ప్రయివేటు కళాశాలలకు దొడ్డి తలుపు తెరిచింది. అప్పటి ముఖ్యమంత్రి మా వాకాడు వాస్తవ్యులు నేదురుమల్లి జనార్దన రెడ్డిగారు. ఇరవై దాకా వైద్య, దంత కళాశాలలకు అనుమతులిచ్చారు. హైకోర్టు వాటిని కొట్టేసింది. అక్టోబరులో ఆయన రాజీనామా చేశారు. 1993 ఫిబ్రవరిలో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు సీట్లను సగం ‘ఫ్రీ’, సగం ‘పేమెంటు’ అని విడదీసింది. చూడండి, భాష యెట్లా సాక్ష్యం చెబుతుందో! ‘మావాడికి ఫ్రీ సీటు వచ్చింది’, ‘వాళ్ళమ్మాయికి సీటు కొన్నారు’ అని పల్లెటూళ్ళో ముసలమ్మ కూడా అనే మాటలు ఆ రోజుల్లోనే వాడుకకెక్కాయి. తర్వాత 2002లో టి.ఎం.ఏ. పాయ్ తీర్పు ఉన్నికృష్ణన్ పథకాన్ని తోసేసింది. తోసేసినా మాటలు మిగిలాయి. జనం భాష న్యాయమూర్తుల భాష కంటే నిజాయితీ గలది. అది కొన్నదాన్ని కొన్నదనే అంటుంది.

ప్రయివేటు సంగతి సరే, అది వ్యాపారమని తెలిసిందే. ప్రభుత్వం యేం చేసింది? 2023 సెప్టెంబరులో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో అయిదు సర్కారు వైద్య కళాశాలలు వొకేసారి తెరిచారు. కళాశాలకు 150 చొప్పున 750 సీట్లు. సంతోషించవలసిన విషయమే. కాని తెరవక ముందే, జూలైలో, 107, 108 నెంబరు జీవోలు వచ్చాయి. రాష్ట్ర వాటా సీట్లలో సగమే మామూలు ఫీజుకు. నూటికి 35 యేడాదికి 12 లక్షల చొప్పున, నూటికి 15 ప్రవాసుల పేర 20 లక్షల చొప్పున. ప్రజల భూమి, ప్రజల పన్ను, ప్రజల రోగులు. సీటు మాత్రం కొనగలిగినవాడిది. ఆ సగంలో రిజర్వేషను మాటేమిటని విద్యార్థి సంఘాలు అప్పుడే నిలదీశాయి. ప్రతిపక్షంలో వున్నవారు, మేము వస్తే ఈ జీవోలు రద్దు చేస్తామన్నారు. 2024లో వచ్చారు, ఆ యేటి ప్రవేశాలు ఆ జీవోల మీదనే జరిగాయి. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఇంకో మెట్టు యెక్కి, ఆదోని, మదనపల్లె, మార్కాపురం, పులివెందుల వగైరా పది కళాశాలల్ని ప్రయివేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని నిర్ణయించింది. ఇప్పుడు పాతవారు వీధికెక్కి ప్రయివేటీకరణ అన్యాయమంటున్నారు. సీటుకు వెల కట్టినవారు కళాశాలకు వెల కట్టినవారిని తిడుతున్నారు. ఈ తగాదాలో రొయ్యల గుంటల కాపలాదారు యెవరి పక్షాన నిలవాలి?

‘యెవరు కొంటే యేం, డాక్టర్లు పెరిగితే చాలదా?’ అని కొందరు మిత్రులు అంటారు. 54 లక్షలు పెట్టి చదివినవాడు ఆ 54 లక్షల్నీ యెక్కడ రాబట్టుకోవాలి? వెంకటాచలం మండలం పల్లెల్లో కూచుంటే రాబట్టుకోలేడు గదా. పెట్టుబడి పెట్టిన చదువు పెట్టుబడి లాగే ప్రవర్తిస్తుంది; అందుకు అతణ్ణి తిట్టి లాభం లేదు. సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజా వైద్యశాల పెట్టి పేదల మధ్య కూచున్నారంటే, ఆయన స్వభావం వొక కారణం. ఆ చదువుకు అప్పుల చిట్టా లేకపోవడం రెండో కారణం. మొదటి కారణాన్ని ప్రభుత్వం తయారుచెయ్యలేదు. రెండోదాన్ని చెయ్యగలదు.

చట్టం వొప్పుకోదని తప్పించుకోవడానికి వీల్లేదు. ప్రయివేటు విద్యాసంస్థల్లో కూడా రిజర్వేషను పెట్టవచ్చునని 93వ సవరణ ద్వారా 15(5) అధికరణం చెబుతున్నది. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మరి బి కేటగిరీలో రిజర్వేషను యెందుకు లేదు? ఇక తమిళనాడు సంగతి చూడండి. వెంకటాచలంలో రైలెక్కితే గూడూరు, సూళ్ళూరుపేట, తడ దాటగానే ఆ రాష్ట్రం. 2020లో వాళ్ళు చట్టం చేసి, ప్రభుత్వ పాఠశాలల్లో చదివి నీట్ అర్హత పొందినవారికి వైద్య సీట్లలో నూటికి యేడున్నర కేటాయించారు. ప్రయివేటు కళాశాలలో వచ్చినా ఫీజు ప్రభుత్వమే కడుతున్నది. 2022లో మద్రాసు హైకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. అదే నీట్, అదే రాజ్యాంగం, అదే సుప్రీంకోర్టు. తడకు అవతల చెల్లిన న్యాయం ఇవతల యెందుకు చెల్లదు? యేడున్నర శాతంతో విప్లవం రాదు, నిజమే. కాని ఆ యేడున్నరలో మా బి.యస్సీ పిల్ల వుండేది.

కనుక ఉపాధ్యాయ, విద్యార్థి సంఘాలు అడగవలసినవి కొన్ని వున్నాయి. 107, 108 జీవోలు పూర్తిగా రద్దు కావాలి. ప్రభుత్వ కళాశాలలో వెల కట్టిన సీటు వొక్కటి కూడా వుండరాదు. ప్రభుత్వ పాఠశాల, జూనియర్ కళాశాల పిల్లలకు తమిళనాడు తరహా చట్టం రావాలి. కౌన్సెలింగు నిబంధనలు తెలుగులో అచ్చు కావాలి. మండలానికి వొక ఉపాధ్యాయుణ్ణి ఆ పనికి నియమించాలి. వీటన్నిటికంటే ముందు వొక జాబితా బయటపెట్టమని పట్టుబట్టాలి. సీటు పొందిన ప్రతివారి మార్కులు, కేటగిరీ, చదివిన బడి సర్కారుదా ప్రయివేటుదా, యే మాధ్యమం, యెన్నోసారి రాసిన పరీక్ష, కట్టిన ఫీజు — పేర్లు అక్కరలేదు, ఇవి చాలు — వరసగా వేసి యేటా ప్రకటించమనాలి. ప్రతిభావాదులకు తమ వాదం మీద నమ్మకం వుంటే ఈ జాబితాను మనకంటే ముందు వాళ్ళే అడగాలి. అది చూపించి నా వ్యాసాన్ని ఖండిస్తే, ఆ ఖండనను ఈ పత్రికలోనే అచ్చు వెయ్యమని సంపాదకులను నేనే కోరతాను.